వెనక్కి నొక్కితే

కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీ వెనక మేడ మీద గది.
కిటికీ తెరిస్తే పిక్కలు కాలే వాసన,
మూస్తే లాప్‌టాప్ కాలే వాసన.
ఈ వారంలో మూడు తెరలు కట్టాలి నేను.
ఫోన్ నంబరడిగేది. ఆరంకెలడిగేది.
ఆ తర్వాత,
ఇవాళ ఎన్ని కిలోలు కొట్టావో, ఎంత రావాలో
దాచకుండా చెప్పేది.

తెరలు కట్టడం ఎంతసేపు!
ఒకదాన్నించి ఒకదానికి దారి వెయ్యడంలోనే ఉంది తంటా.

మొదట వేలిముద్ర పెట్టాను, సులువని.
కటింగ్ వరసలోంచి తామాడ దమయంతి వచ్చి
బొటనవేలు ఆనించింది.
తుడిచి మళ్ళీ ఆనించింది. చీరకి రాసి, మళ్ళీ.
జీడి రసం తిన్న వేలు అది, గీతల్లేవు.
ఫోన్ చిన్నగా వణికి, కాదంది.
"నాను నాను కాదంతాదేటి బాబూ?" అని నవ్వింది.
నాకు నవ్వు రాలేదు. ఆ తెర పీకేశాను.

తర్వాత నంబరు, ఆరంకెలు, లోపలికి.
లోపల పంతొమ్మిది కిలోలు చూసుకుని
మురిసిపోయి, అలవాటుగా వెనక్కి నొక్కింది.
మళ్ళీ మొదటి తెర. నంబరు చెప్పమంటోంది.
"పదకొండేళ్ళు బట్టి వొస్తన్నాను,
గేటుకాడ సన్యాసి రోజూ 'ఎవులివి' అనడుగుతాడు.
ఇదీ అలాగే అడుగుతాదా?"

తప్పు నాదే.
బోర్మాలోకి ట్రేలు పేర్చినట్టు
తెర మీద తెర పేర్చుకుంటూ పోయాను.
పై ట్రే తీస్తే కింది ట్రే కనబడదా మరి?
పేర్చకూడదు. లోపలికి రాగానే
గుమ్మాన్ని గుమ్మంతో సహా తీసెయ్యాలి.

తీసేశాను.
ఇంకా ఒక నలక మిగిలింది:
యాప్ తెరవగానే అర సెకను,
ఈమె తెలిసిన మనిషేనని జ్ఞాపకం తెచ్చుకునేలోపు,
లాగిన్ తెర మెరిసి మాయమవుతోంది.
ఎవరూ గమనించరన్నాడు నా స్నేహితుడు.
నాకు మాత్రం సన్యాసి మొహమే కనబడేది అందులో.
గుర్తొచ్చేదాకా నోరు మూసుకుని ఉండమని
ఖాళీ తెల్లతెర ఒకటి అడ్డం పెట్టాను.
మూడో రాత్రి రెండింటికి
విశాఖ వెళ్ళే బండేదో కూత పెడుతుంటే
అంతా సరిపోయింది.
లోపలికి వచ్చినవాళ్ళని ఇంకెవరూ బయటికి నెట్టలేరు.
ఒక్కణ్ణే చప్పట్లు కొట్టుకున్నాను.

శనివారం లెక్కల్లో దమయంతి
ఒక్క రోజులో డెబ్భై నాలుగు కిలోలు కొట్టింది.
మనిషన్నవాళ్ళు కొట్టలేరు.
ఓనరు గుమస్తా కళ్ళజోడు తీసి
నా వైపు తీరిగ్గా చూశాడు.

కిందికి పరిగెత్తాను.
కటింగ్ వరసలో నలుగురు ఆడవాళ్ళు,
మధ్యలో పిక్కల బస్తా,
బస్తా మీద పగిలిన అద్దంతో ఒకటే ఫోన్.
"నలుగురికీ అదేనండి," అంది దమయంతి,
"నాను దిగితేగాని ఊర్మిళ ఎక్కలేదు గదా.
దిగడానికి దారెక్కడ పెట్టేవు?
నొక్కి నొక్కి సచ్చేం."

దారి పెట్టలేదు.
ఒక ఫోనంటే ఒక మనిషి అనుకున్నాను.
మా ఇంట్లో ఎవరి ఫోన్ వాళ్ళదే మరి.
వెనక్కి వెళ్ళకుండా అన్ని తలుపులూ చెరిపి,
ఆమె కష్టంలో ముగ్గురి కష్టాన్ని బంధించి
పైన కూర్చుని చప్పట్లు కొట్టుకున్నాను.

ఆ బస్తా పక్కనే కూర్చుని రాశాను.
కింద ఒక ఎర్ర బొత్తాం, పేరు "దిగు".
లాగౌట్ అని పెడదామనుకున్నాను గాని
ఆ మాట వాళ్ళే ఇచ్చారు.
నొక్కితే గుర్తంతా చెరిగిపోయి
మొదటి తెర, ఖాళీ గడి.

దమయంతి నొక్కింది.
ఫోన్ అందుకుని ఊర్మిళ
కొంగుతో అద్దం తుడిచి, మొహానికి దగ్గరగా పెట్టుకుని
"ఇప్పుడు నన్నడగమను" అంది.

తొమ్మిది, నాలుగు, తొమ్మిది...
రోస్టరు గొట్టం బుస్సుమంది.
నాలుగో అంకె వినబడలేదు.
మళ్ళీ చెప్పమన్నాను.